తిరిగి రాని లైటు

మా సందులో నోరున్న మనుషులు ఇద్దరే అని పేరు. ఒకరు ఆవిరి మేస్త్రి, రెండోదాన్ని నేను. మా ఇద్దరి కొట్లకీ మధ్య ఒక్క రేకు గోడ. ఇటు పక్క నేను కార్ల సీట్లకి కవర్లు కుడతాను, అటు పక్క ఆయన కార్ల ముందు లైట్లలో చేరిన నీళ్ళు తీస్తాడు. ఇరవై రెండేళ్ళుగా నా మిషను చప్పుడుని ఆయన తిట్టాడు, ఆయన జిగురు కంపుని నేను తిట్టాను. ఒకరి మీద ఒకరికి ఉన్న అభిమానం చూపించుకోవడానికి మాకు అంతకంటే వేరే దారి తెలియదు.

లైట్లో నీళ్ళేమిటి, వాటికో మేస్త్రి ఏమిటి అంటారేమో. నాకూ మొదట్లో నవ్వొచ్చింది. వర్షాకాలంలో ఒకసారి మీ కారు ముందు నిలబడి చూడండి. లైటు అద్దానికి లోపలి వైపు సన్నగా ఆవిరి పట్టి ఉంటుంది. బయట ఎంత తుడిచినా పోదు. అది ముదిరితే చుక్కలు కడుతుంది, చుక్కలు జారి అడుగున చేరతాయి, లోపల వెండిలా మెరిసే గిన్నె మచ్చలు పడి నల్లబడుతుంది. అప్పుడు లైటు వెలుగుతుంది గానీ దారి కనపడదు.

ఆయన పని చేస్తుండగా చూస్తే కోపిష్టి అని ఎవరూ అనుకోరు. బంపరు బోల్టులు విప్పి, లైటుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా బయటికి తీసేవాడు. బల్బులు, రబ్బరు మూతలు ఊడదీసి ఓవెన్లో పెట్టేవాడు. ఆ ఓవెన్ ఒకప్పుడు ఒక బ్రెడ్డు ఫ్యాక్టరీది. పన్నెండు నిమిషాలు సన్నటి సెగన ఉంచితే అద్దాన్ని పట్టుకుని ఉన్న నల్ల జిగురు మెత్తబడుతుంది. సెగ ఒక్క పిసరు ఎక్కువైతే ప్లాస్టిక్కు వంకరపోతుంది. తర్వాత పలచని స్క్రూడ్రైవరుతో అంచు వెంట కొంచెం కొంచెంగా అద్దాన్ని విడదీసేవాడు. లోపలి గిన్నెని మాత్రం గుడ్డతో ముట్టుకోనిచ్చేవాడు కాదు. తుడిస్తే పూత కాస్తా గుడ్డకే వచ్చేస్తుందట. మంచినీళ్ళతో కడిగి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో దూరంగా పట్టుకుని ఆరబెట్టి, కొత్త జిగురు వేసి, అద్దం మూసి బిగింపులు పెట్టేవాడు. ఆఖరున అంచు మీద పొంగిన జిగురుని తడి బొటనవేలితో నొక్కి చదును చేసేవాడు. ఆ వేలికి చిన్నప్పుడు తెగిన గాటు ఒకటి అడ్డంగా ఉంది. ఆయన మూసిన ప్రతి లైటు మీదా ఆ గీత పడేది.

ప్రతి లైటుకీ వెనక ఒక చిన్న కన్నం ఉంటుంది. దానికి కిందికి వంగిన రబ్బరు గొట్టం తగిలించి ఉంటుంది. లైటు వేడెక్కితే లోపలి గాలి అందులోంచి బయటికి పోతుంది, చల్లారితే మళ్ళీ లోపలికి వస్తుంది. చెమ్మ ఆరేది కూడా ఆ దారినే. ఈ సంగతి తెలియనివాళ్ళు కన్నం చూడగానే "ఇదిగో, నీళ్ళు ఇక్కణ్ణుంచే వస్తున్నాయి, మూసెయ్ మేస్త్రీ" అనేవాళ్ళు. ఇక చూడండి ఆయన ఆవేశం.

"నీ ముక్కు మూసెయ్యనా? జలుబు చేసిందని ముక్కు కుట్టించుకుంటావా? లైటుకి ఊపిరాడొద్దా?"

అడిగినవాడు నోరు వెళ్ళబెట్టేవాడు. నేను మిషను ఆపి నవ్వేదాన్ని.

ఆయనకి ముక్కు మీద కోపం. మరీ ముఖ్యంగా, చేసిన పనికి వంక పెడితే ఊరుకునేవాడు కాదు. చలికాలం పొద్దున్నే లైటు మూలన కాస్త మంచులా పట్టడం మామూలే, అరగంట వెలిగిస్తే అదే పోతుంది. దానికే పరిగెత్తుకొచ్చే వాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. "నా చేతిలోంచి పోయిన లైటు తిరిగి రాదు" అనేది ఆయన మాట. అది నిజమేనని మేమంతా అనుకునేవాళ్ళం. తిరిగి తెచ్చినవాడిని పదిమందిలో కడిగి ఆరేసేవాడు గనక ఎవరూ తెచ్చేవారు కాదన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఆయనకంటూ ఈ లోకంలో ఉన్నది అక్క, బావ. తల్లి పోయాక అక్కే పెంచింది. అక్క పెళ్ళయ్యేనాటికి ఈయనకి తొమ్మిదేళ్ళు. బావ సైకిలు మీద ముందు కడ్డీకి గుడ్డ చుట్టి, దానిమీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళేవాడట. బావ బ్రెడ్డు ఫ్యాక్టరీలో వ్యాను తోలేవాడు. తెల్లవారుజామున సరుకు ఎక్కించుకుని ఊరంతా తిరిగి, తొమ్మిదింటికి మా సందులో టీకి ఆగేవాడు. మేమంతా ఆయన్ని బ్రెడ్డు బావ అనేవాళ్ళం. ఫ్యాక్టరీలో పాత ఓవెన్ తీసి పారేస్తుంటే వ్యానులో వేసుకొచ్చి బావమరిది కొట్లో దించింది ఆయనే.

బావా బావమరుదులు కలిస్తే మా పనులు ఆగిపోయేవి.

"ఒరేయ్, నీ మొహానికి ఆ ఓవెన్ ఎక్కువరా. అందులో నిన్ను పెడితే కాస్త రంగు తేలతావు."

"నన్ను పెడితే రంగొస్తుంది బావా, నిన్ను పెడితే పొంగుతావు. వాసన చూసి కుక్కలొస్తాయి."

ఇలా ఉండేది వాళ్ళ వరస. ఆదివారం భోజనం మాత్రం అక్క ఇంట్లోనే. ఆ రెండు గదుల ఇల్లే మేస్త్రికి సొంతిల్లు అనుకోండి. తను అద్దెకుండే గదిలో మంచం, నీళ్ళ బిందె తప్ప ఏమీ ఉండేవి కావు.

ఒక చలికాలం పొద్దున బావ వ్యాను ఆపి, కాస్త మొహమాటంగా, "ఒరేయ్, లైట్లో ఏదో మసగ్గా ఉందిరా, చూస్తావా" అన్నాడు. కొట్టు ముందు పది మంది దాకా ఉన్నారు. మేస్త్రి వంగి చూశాడు. మంచే. ఇంకేముంది, గొంతు పెంచాడు.

"చూశారా, మా బావకి మంచుకీ నీళ్ళకీ తేడా తెలీదు! ఇలాంటి మేధావికి మా అక్కనిచ్చి చేశారు మావాళ్ళు. రేపు ఈయన కళ్ళజోడుకి ఆవిరి పట్టినా నా దగ్గరికే తెస్తాడు."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. బావ కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. టీ సగంలోనే వదిలేసి వెళ్ళాడు. బావా బావమరుదుల సరసం కదా, ఎవరం పట్టించుకోలేదు.

ఈ ఏడు వర్షాలు విడవకుండా కొట్టాయి. మేస్త్రి కొట్టు ముందు కార్లు వరస కట్టాయి. అలాంటి ఒక రోజు బావ టీకి ఆగితే, మేస్త్రి తనంతట తనే వ్యాను వైపు చూసి లేచి నిలబడ్డాడు.

"అదేంటి బావా, కుడి లైటు చేపల తొట్టెలా ఉంది? చేపల్ని కూడా వెయ్యకపోయావా?"

"ఏదో వానకిలే. పోతుందనుకున్నా" అన్నాడు బావ.

మేస్త్రి బావని కూర్చోబెట్టి, మిగతా కార్లన్నీ ఆపి, ఆ లైటు తీశాడు. వెనక కన్నానికి ఉండాల్సిన వంకర గొట్టం లేదు, ఎక్కడో ఊడిపోయింది. రోడ్డు మీద ఎగిరిన నీళ్ళన్నీ తిన్నగా లోపలికే వెళ్ళాయి. లైటంతా శుభ్రం చేసి, ఆరబెట్టి మూశాడు. గొట్టం మాత్రం దొరకలేదు. విడిభాగాల కొట్టువాడు మర్నాడు తెప్పిస్తానన్నాడు. వాన ఆగేలా లేదు. తెల్లారితే బావ బండి ఎక్కాలి. కన్నం అలాగే వదిలేస్తే మళ్ళీ నీళ్ళే.

అప్పుడు ఆయన చేసిన పని ఇంకెవరైనా చేస్తే చెంప పగలగొట్టేవాడు. నల్ల జిగురు ఒక చిటికెడు తీసి కన్నం మీద పెట్టి, తడి బొటనవేలితో నొక్కాడు.

"ఈ ఒక్క పూటకే బావా. రేపు గొట్టం పట్టుకుని నేనే ఇంటికొచ్చి పెడతా."

రేకు గోడ ఇవతల నుంచి నేను విన్నాను. మర్నాడు పదకొండు కార్లు వచ్చాయి. విడిభాగాల కొట్టువాడు గొట్టం పంపించాడు, అది ఆయన బల్ల మీద స్క్రూల డబ్బాలో పడింది. ఆ మర్నాడు ఇంకో తొమ్మిది కార్లు. ఆదివారం కూడా కొట్టు తెరిచాడు, భోజనానికి వెళ్ళలేదు. మరిచిపోయాడు. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు, మనిషి మరిచిపోయాడు. ఆ మాట విన్నదాన్ని నాకైనా గుర్తు రాలేదు.

సరిగ్గా తొమ్మిదో రోజు తెల్లవారుజామున వాన పడుతుండగా, నీళ్ళ పైపుల కోసం తవ్విన గోతిలో బావ వ్యాను పడింది. రోడ్డుకి అడ్డంగా సగం దాకా తవ్వి, అటో రాయి ఇటో రాయి పెట్టి, మధ్యలో తాడు కట్టి వెళ్ళిపోయారు. దీపం లేదు, బోర్డు లేదు. వ్యాను ఎడమవైపుకి ఒరిగి పడింది. బావ ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయింది. ఆసుపత్రిలో ఆ సాయంత్రమే తీసేశారు.

ఊరంతా తవ్వినవాళ్ళనే తిట్టింది. అందరికంటే గట్టిగా తిట్టింది మా మేస్త్రి. గొయ్యి తవ్విన కాంట్రాక్టరు ఆఫీసు ముందు నిలబడి ఆయన వేసిన కేకలకి గుమాస్తాలు కిటికీలు మూసుకున్నారు. మూడో రోజు, వ్యానుని లాక్కొచ్చి పెట్టిన పాత బళ్ళ యార్డుకి వెళ్ళాడు. బావ సామాను ఏమైనా మిగిలితే తెద్దామని వెళ్ళాడంతే. తిరిగొచ్చేటప్పుడు చేతిలో కుడి లైటు ఉంది. ఎడమది పగిలిపోయింది, ఇది పైకి నిక్షేపంగా ఉంది. తిన్నగా కొట్లోకి వెళ్ళి షట్టరు దించుకున్నాడు.

మధ్యాహ్నం దాకా చప్పుడు లేదు. నాకు భయమేసి రేకు గోడ మీద కొట్టాను.

"అన్నా, బతికే ఉన్నావా?"

"ఇటు రా చెల్లెమ్మా" అన్నాడు.

షట్టరు ఎత్తి వంగి వెళ్ళాను. లైటు బల్ల మీద బోర్లా ఉంది. వెనక కన్నం మీద నల్లటి జిగురు బిళ్ళ, దాని మీద అడ్డంగా ఆయన వేలి గాటు. స్క్రూల డబ్బాలోంచి తీసిన కొత్త గొట్టం పక్కనే ఉంది.

"గోతిలో పడ్డప్పుడు నీళ్ళు చేరుంటాయిలే అన్నా" అన్నాను. నాకు తెలుసు, అది ఓదార్పు మాటే.

ఆయన లైటుని తిప్పి చూపించాడు. లోపలి గిన్నె సగం నల్లబడింది, అద్దానికి లోపల చారలు ఒకదాని మీద ఒకటి ఎండి ఉన్నాయి. "ఒక్క రోజులో ఇలా అవదు. వారం పైన లోపల ఉడికితే అవుతుంది. బల్బు మూత దగ్గర చెమ్మ లోపలికి పోయింది, బయటికి రావడానికి దారి లేదు. దారి నేనే మూశాను. ఈ లైటులో వారం నుంచీ వెలుగు లేదు చెల్లెమ్మా. ఆ వానలో ఒంటి లైటుతో ఆ రాయి, ఆ తాడు ఆయనకి ఎలా కనపడతాయి?"

నోరున్న దాన్నని పేరు గానీ అవసరానికి ఎప్పుడు పనికొచ్చింది నా నోరు?

"ఒక్కటి నాకర్థం కావట్లేదు" అన్నాడు. "వారం నుంచీ మసగ్గా ఉంటే ఎందుకు తేలేదు? రోజూ ఈ సందులోనే టీ తాగుతాడు కదా."

ఆ రోజు నుంచి ఆయన్ని పట్టి పీడించింది ఆ ఒక్క ప్రశ్నే. బావకి నిజం చెప్పాలి, ఆ ప్రశ్న అడగాలి. చెప్తే ఆ ఇంటి గుమ్మం తొక్కగలడో లేదో తెలియదు. చెప్పకపోతే ఏ మొహం పెట్టుకుని తొక్కుతాడు? ఆసుపత్రి గుమ్మం దాకా మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ వెనక్కి వచ్చాడు. ఓవెన్ వెలిగించలేదు. వచ్చిన కార్లని వచ్చినట్టే పంపించేశాడు. కోపం కూడా పడలేదు, నా మిషను చప్పుడుని సైతం తిట్టలేదు.

బావ ఇంటికొచ్చాక నేను ఆయన కాలి కింద పెట్టుకోవడానికి మెత్తటి దిండు ఒకటి కుట్టాను. "నేను ఇవ్వడానికి వెళ్తున్నాను, వస్తావా రావా" అని గట్టిగా అడిగాను. లైటుని పాత దుప్పటిలో చుట్టుకుని నా వెనకే బయలుదేరాడు.

అక్క తలుపు తీసింది. మనిషి సగమైంది.

"ఇప్పటికి గుర్తొచ్చామా తమ్ముడూ? రోజూ అడుగుతున్నారు నీ గురించి."

బావ కిటికీ పక్క మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. దుప్పటి ఒకవైపు చదునుగా పడి ఉంది. మమ్మల్ని చూడగానే నవ్వాడు.

"రారా. ఏంటది, లైటా? నాకు కాలు తెస్తాడనుకుంటే లైటు తెచ్చాడు చూడవే" అన్నాడు అక్కతో.

మేస్త్రి నవ్వలేదు. లైటుని మంచం మీద బోర్లించి కన్నం చూపించాడు. అన్నీ చెప్పాడు. ముక్కుకీ ఊపిరికీ పోలికలేమీ పెట్టలేదు, లెక్కగా చెప్పాడు. "గొట్టం పట్టుకొస్తానన్నాను, మరిచిపోయాను. నీ కాలు నేనే తీశాను బావా" అని ఆపాడు.

అక్క గోడకి చేరగిలబడింది. బావ ఆ జిగురు బిళ్ళని వేలితో తడిమాడు. "రెండో రోజు నుంచే మసకబారిందిరా. నాకు తెలుసు" అన్నాడు.

"మరి తేలేదేం? తేలేదేం బావా?" మేస్త్రి గొంతులో పాత కోపం లాంటిది ఒక్క క్షణం వినిపించింది.

బావ కిటికీ వైపు తిరిగాడు. "తెద్దామనే అనుకున్నా. రెండుసార్లు మలుపు దాకా వచ్చాను కూడా. నీ కొట్టు ముందు జనం ఉన్నారు. మళ్ళీ మంచా నీళ్ళా అని మొదలెడతావు, అందరూ నవ్వుతారు. ఈ వయసులో రోజూ ఎందుకులే అనిపించింది. వెనక్కి తిప్పేశా. వానలు తగ్గితే అదే పోతుందనుకున్నా."

ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, అంతే.

"టీ కూడా వేరే చోట తాగేవారు" అంది అక్క సన్నటి గొంతుతో. "రోజూ పొద్దున్నే గుడ్డ తీసుకుని ఆ లైటు తుడిచేవారు. లోపలి ఆవిరి బయట తుడిస్తే పోతుందా, తమ్ముడికి చూపించండి అన్నాను. వాడితో ఎందుకులే అన్నారు." కార్ల హడావిడిలో ఆయన టీకి రావడం మానేశాడని మా సందులో ఎవరం గమనించనే లేదు.

మేస్త్రి మంచం అంచు పట్టుకుని కింద కూర్చున్నాడు. "నన్ను తిట్టు బావా" అన్నాడు.

"తిట్టి ఏం చేయనురా" అన్నాడు బావ.

తిట్టింది అక్కే. తిట్టడం కూడా కాదు. కళ్ళు తుడుచుకుంటూ, అరవకుండా అంది: "జిగురు పెట్టి మరిచిపోయావు, సరే. మనుషులం, మరుపు లేనివాళ్ళెవరు? కానీ ఒరేయ్, సొంత బావ నీ దగ్గర నోరు తెరవడానికి భయపడ్డాడురా. అంత గొప్పగా బతికావు నువ్వు."

ఆ గదిలో నేనెందుకున్నానా అనిపించింది. ఆ చలికాలం పొద్దున అందరితో కలిసి నేనూ నవ్వాను కదా, అక్క ఆ మాట నన్నూ అన్నట్టే ఉంది. దిండు మంచం మీద పెట్టి బయటికొచ్చి నిలబడ్డాను. కాసేపటికి మేస్త్రి వచ్చాడు. కొట్టు దగ్గరికి వచ్చాక, "ఇన్నేళ్ళలో ఎన్ని లైట్లు మళ్ళీ చెమ్మ పట్టి ఉంటాయి? నాకు ఎన్ని తెలుసు?" అన్నాడు.

ఆ ఇంటివాళ్ళు ఆయన్ని వెలివేయలేదు. వేసినా బాగుండేదేమో. ఆదివారం అక్క కబురు పెడుతుంది, ఈయన వెళ్తాడు. "బావ ఎలా ఉన్నాడు?" అని ఒకసారి అడిగితే, "నాతో జాగ్రత్తగా మాట్లాడుతున్నాడు చెల్లెమ్మా. ఒక్క హాస్యమూ ఆడడు. నేను నొచ్చుకుంటానని" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదంటారు. ఆయన ఆకుల కోసం ఊరంతా తిరిగాడు. పాత గిరాకీల ఇళ్ళకి తనే వెళ్ళి తలుపు కొట్టేవాడు. "మీ లైటు ఒకసారి చూసిపోతాను. తెల్లారే పూట ఏమన్నా ఆవిరి పడుతోందా? చెప్పండి, నేనేమీ అనుకోను" అని బతిమాలేవాడు. పైకి చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆ పనిలో ఉన్న చిక్కే అది. కొట్టులో ఉన్నంతసేపు ఏ లైటైనా శుభ్రంగానే ఉంటుంది. దాని గుణం బయటపడేది ఇంటికెళ్ళాక, చలి పూట. అది చూసేది బండి యజమాని ఒక్కడే. అతను చెప్తేనే మేస్త్రికి తెలుస్తుంది, లేకపోతే లేదు.

మొదట్లో ఒక టాక్సీ డ్రైవరు ఉన్న మాట చెప్పాడు. "మూలన కాస్త చెమ్మ కనపడుతోంది మేస్త్రీ" అన్నాడు, అంతే. మా మేస్త్రి సందు నడిమధ్యలో అతని కాళ్ళు పట్టుకున్నాడు. బండి తీయొద్దని, ఎక్కడికీ వెళ్ళొద్దని ఏడ్చాడు. ఆ లైటు ఆ వారంలో ఐదుసార్లు విప్పి మూశాడు, అన్నం తినలేదు. ఐదోసారి అద్దం అంచు విరగ్గొట్టాడు. ఆ సంగతి అందరికీ తెలిసింది. ఇక ఆ తర్వాత ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "బ్రహ్మాండంగా ఉంది మేస్త్రీ." ఒకప్పుడు భయపడి చెప్పలేదు, ఇప్పుడు జాలిపడి చెప్పరు. ఆయనకి రెండింటికీ తేడా లేదు.

పోయిన నెల మా ఆయన కారు లైటుకి చెమ్మ పడితే, తనే తీసి బాగుచేస్తానని మేస్త్రి పట్టుబట్టాడు. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడని సరే అన్నాను. రెండు రోజులు దాని మీదే కూర్చున్నాడు. కన్నానికి కొత్త గొట్టం పెట్టి, నాకు పదిసార్లు చూపించాడు. కానీ జిగురు వేసేటప్పుడు ఒకే చోట మూడుసార్లు చెరిపి వేయడం నేను గోడ పక్కనుంచి చూశాను.

వారం తర్వాత ఒక పొద్దున నేను కొట్టు తెరుస్తుంటే వచ్చి నా ముందు నిలబడ్డాడు. మనిషి బాగా వంగిపోయాడు.

"చెల్లెమ్మా, ఈ సందులో నువ్వొక్కదానివే మొహం మీద నిజం చెప్పేదానివి. లైటు ఎలా ఉంది? చెమ్మ ఏమన్నా ఉందా?"

ఆ పొద్దున్నే ఇంటి ముందు చూసి వచ్చాను. మంచు కాదు, చుక్కలు. అద్దం పైనుంచి కింద దాకా.

"లేదన్నా. బాగుంది" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూస్తూ ఇంకాసేపు నిలబడి, "సరేలే" అని తన కొట్టులోకి వెళ్ళిపోయాడు.

మా ఆయన రోజూ చీకటి ఉండగానే ఆ కారులోనే పనికి బయలుదేరతాడు. మర్నాడే వేరే మేస్త్రికి చూపించాలని గట్టిగా అనుకున్నాను. చూపిస్తే ఈయనకి తెలిసిపోతుంది, ఈ సందులో ఏదీ దాగదు. రేపు చూద్దాం అనుకున్నాను. అలా అనుకుని ఇవాళ్టికి ఆరు రోజులు.